డ్రిల్లు టీచరమ్మ జవాబులు: రాత్రంతా నడవాలట!

పోయిన నెల ఎవరో మోకాళ్ల నొప్పి గురించి అడిగితే, మాటల్లో మాటగా, క్యాన్సర్ సహాయ నిధి కోసం జరిగే రాత్రి నడకల్లో ఆరుసార్లు నడిచానని రాశాను. అంతే, ఈ నెల మోకాళ్లను అందరూ మర్చిపోయారు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ నడక మీదే. సరే, ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేద్దాం.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో పిల్లలచేత గుంజీలు తీయించిన డ్రిల్లు టీచర్ని. ఆ తర్వాత రెండేళ్లు మా అక్క మంచం పక్కన కుర్చీలో రాత్రుళ్లు కూర్చున్న చెల్లెల్ని. నాకు తెలిసిందంతా ఈ రెండు చోట్ల నేర్చుకున్నదే.

*

టీచర్ గారూ, మా ఆఫీసులో పదిమందిమి టీముగా పేర్లిచ్చాం. సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా నడకట. నాకు 46 ఏళ్లు. లిఫ్టు పాడైన రోజు తప్ప మెట్లెక్కి ఎరగను. పేరిచ్చిన దగ్గర్నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మానేస్తే పరువు పోతుంది, వెళ్తే ప్రాణం పోయేలా ఉంది. ఏం చేయమంటారు?
- ఓ అకౌంటెంటు

ప్రాణమూ పోదు, పరువూ పోదు. ముందు మీ టీము పెద్దని ఒక సంగతి అడగండి. ఇది వంతుల నడకా, దూరం నడకా? రాత్రి నడకలన్నీ ఒకేలా ఉండవు. వంతుల నడకలో మీ టీము నుంచి ఎప్పుడూ ఎవరో ఒకరు ట్రాక్ మీద ఉంటే చాలు. మిగతావాళ్లు డేరాలో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, కాసేపు నడుం వాల్చొచ్చు. పదిమంది, పన్నెండు గంటలు. అకౌంటెంటుకి నేను లెక్క చెప్పాలా? మనిషికి గంటా పన్నెండు నిమిషాలు. దూరం నడకైతే ఎవరి కిలోమీటర్లు వాళ్లే నడవాలి. లండన్‌లో జరిగే మూన్‌వాక్‌లో మారథాన్ దూరం, అంటే 42 కిలోమీటర్లు, రాత్రిపూట నడిచేవాళ్లున్నారు. మీరు చెప్పిన వేళలు, టీము సంగతి చూస్తే మీది వంతుల నడకే అనిపిస్తోంది. అడిగి ఖాయం చేసుకోండి.

ఇప్పుడు నా మొదటి నడక కథ వినండి, మీ భయం సగం తగ్గుతుంది. డ్రిల్లు టీచర్నన్న పొగరుతో వెళ్లాను. నిన్న కొన్న షూస్, ఇంట్లో ఉన్న నూలు సాక్సులు. విజిల్ వేయగానే బయలుదేరి, రెండు గంటలపాటు ఎవరు కనబడితే వాళ్లని దాటేయడమే పని. తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఒక పెద్దావిడ చిన్న చిన్న అడుగులేస్తూ నడుస్తోంది. ఆవిడని నాలుగుసార్లు దాటాను. లెక్క కూడా పెట్టుకున్నాను, సిగ్గులేకుండా. రాత్రి 2 గంటలకి నేను ఫస్ట్ ఎయిడ్ డేరాలో కూర్చుని ఉన్నాను. రెండు మడమల మీదా రూపాయి బిళ్లంత బొబ్బలు, పిక్కలు పట్టేశాయి. నర్సమ్మాయి నా కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు కడుతుంటే, ఆ పెద్దావిడ అవే అడుగులతో డేరా ముందు నుంచి వెళ్తూ నాకు చెయ్యి ఊపింది. ఇంకో అరగంటకి మళ్లీ ఊపింది.

కాబట్టి షూస్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను. బొబ్బ పుట్టేది రాపిడి వల్ల. చెమట తడి, వేడి తోడైతే ఇంకా తొందరగా పుడుతుంది. నూలు సాక్సు తడిని పీల్చుకుని అట్టేపెట్టుకుంటుంది. చెమటని బయటికి వదిలే సింథటిక్‌వో, పల్చటి ఉన్నివో తీసుకోండి. రెండు జతలు అదనంగా సంచిలో పడేసుకోండి. తడిసిన సాక్సు మార్చుకున్నప్పుడు కలిగే హాయిని నేను మాటల్లో చెప్పలేను. షూస్ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రాత్రంతా నడిచినా అలాగే ఉబ్బుతాయి కాబట్టి బొటనవేలి ముందు వేలెడు జాగా ఉండాలి. కొన్నవి కనీసం నెల రోజులు తొడుక్కుని తిరగండి. గోళ్లు ముందు రోజు హడావుడిగా కాకుండా మూడు నాలుగు రోజుల ముందే తీసేసుకోండి. నడుస్తుండగా పాదంలో ఒకచోట సుర్రుమంటే ఆ రౌండు పూర్తయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. అక్కడే ఆగి టేపు వేయండి. ఆ సుర్రుమనడం బొబ్బ రాబోతోందన్న కబురు. వచ్చేశాక, చిన్నదైతే చిదపకండి. పైతోలే దానికి కట్టు.

సాధనకి ఎనిమిది వారాలుంటే చాలు. మొదటి వారం ఇరవై నిమిషాలు, నాలుగు రోజులు. తర్వాత ప్రతి వారం కొద్దికొద్దిగా పెంచండి. వారంలో ఒక రోజు మాత్రం మిగతా రోజులకన్నా పొడుగ్గా నడవండి. ఏడో వారానికి రెండు గంటలు ఏకబిగిన నడవగలిగితే మీ టీములో మీరే హీరో. ఒక్కసారైనా రాత్రి 9 తర్వాత నడిచి చూడండి. చీకట్లో నేల ఎత్తుపల్లాలు వేరేగా కనిపిస్తాయి. టార్చి ఏ చేత్తో పట్టుకోవాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక నిద్ర. అసలు శత్రువు దూరం అనుకుంటాం గానీ, తెల్లవారుజామున 3 నుంచి 5 దాకా ఉండే రెండు గంటలే. ఆ వేళ ఒళ్లు చల్లబడుతుంది. ఆ చలి వాతావరణంలోదే అనుకుంటాం. నిజానికి మన శరీరమే రోజు మొత్తంలో అప్పుడు అన్నిటికన్నా తక్కువ వేడితో ఉంటుంది. సాయంత్రం వేడిగా ఉంది కదా అని స్వెట్టర్ ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్లు 4 గంటలకి చాపలు కప్పుకుని కూర్చోవడం చూశాను. ముందు రోజు రాత్రి తొందరగా పడుకోండి, ఆ రోజు మధ్యాహ్నం గంటన్నర కునుకు తీయండి. కాఫీ అలవాటుంటే సాయంత్రమే కప్పులు కప్పులు తాగేసి అయిపోగొట్టుకోకండి. కొంచెం కొంచెంగా, అర్ధరాత్రి దాటాక తాగండి. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. ఎవరో చెప్పారని గంటకో బాటిల్ బలవంతాన పట్టిస్తే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం.

మీ టీములో 3 నుంచి 4 దాకా వంతు ఎవరూ తీసుకోరు, చూడండి. ధైర్యముంటే అది మీరు తీసుకోండి. ఆ వేళ ట్రాక్ మీద జనం పల్చగా ఉంటారు, పక్కన నడిచేవాళ్లు నిజాలు మాట్లాడతారు.

*

నడిస్తే క్యాన్సర్ తగ్గుతుందా మేడమ్? ఆ టీషర్టులకీ డేరాలకీ అయ్యే ఖర్చు నేరుగా ఆసుపత్రికి ఇస్తే పోలా? అదీ రాత్రిపూట! ఫొటోల కోసం కాకపోతే దేనికి?
- ఓ ఇంజినీరింగ్ విద్యార్థి

బాబూ, నీ ప్రశ్నలో సగానికి నేను నీ పక్షమే. టీషర్టులు నాకూ నచ్చవు. మా ఇంట్లో ఆరున్నాయి, అన్నిటితోనూ ఇల్లు తుడుస్తున్నాం. నేరుగా ఇవ్వగలిగినవాళ్లు నిక్షేపంగా ఇవ్వొచ్చు. మరి నువ్విచ్చావా? ఎత్తిపొడవడానికి అడగడం లేదు. చాలామందిమి ఇవ్వాలనే అనుకుంటాం, ఇవ్వం. ఎవరో వచ్చి "నేను రాత్రంతా నడుస్తున్నా, నువ్వెంతిస్తావ్?" అంటే అప్పుడు చెయ్యి జేబులోకి పోతుంది. ఈ నడక పుట్టిందే అలా.

1985 మే నెలలో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా అనే ఊళ్లో గార్డన్ క్లాట్ అనే సర్జన్ ఒకాయన కాలేజీ స్టేడియంలో 24 గంటలపాటు ట్రాక్ చుట్టూ పరుగెత్తాడు, నడిచాడు. పెద్దపేగు జబ్బులకి ఆపరేషన్లు చేసే డాక్టరు. తన రోగుల పరిస్థితి చూసి అక్కడి క్యాన్సర్ సొసైటీకి ఏదో చేయాలనుకున్నాడు. 25 డాలర్లిస్తే అరగంట తనతో కలిసి ట్రాక్ మీద నడవొచ్చన్నాడు. ఆ ఒక్క రోజులో 83 మైళ్లు పైగా, అంటే దాదాపు 134 కిలోమీటర్లు తిరిగాడు. 27,000 డాలర్లు పోగయ్యాయి. అలా తిరుగుతూండగానే ఆయనకి, ఒక్కడే తిరిగే బదులు టీములు వంతులేసుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చిందట. మరుసటేడు 19 టీములొచ్చాయి. 'రిలే ఫర్ లైఫ్' పేరుతో తర్వాత ఎన్నో దేశాలకి పాకింది ఆ టకోమా ట్రాకే.

డబ్బు వల్ల ఏం ఒరుగుతుందంటావా? దానికి ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 1947లో అమెరికాలోని బోస్టన్‌లో, పిల్లల ఆసుపత్రిలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి అమినోప్టెరిన్ అనే కొత్త మందు ఇచ్చి చూశాడు. ఆ మందు తయారైంది లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ ప్రయోగశాలలో, మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల్లో. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొన్ని నెలలే తగ్గింది, మళ్లీ వచ్చింది. కానీ అప్పటిదాకా ఆ కాస్త కూడా ఎవరూ చూడలేదు. 1948లో అదే ఫార్బర్ రోగుల్లో ఒక పిల్లాణ్ణి జిమ్మీ అనే మారుపేరుతో రేడియోలో మాట్లాడించారు. వాడికి బేస్‌బాల్ ఆటలు చూసుకోవడానికి టీవీ కావాలట. జనం పంపిన డబ్బు రెండు లక్షల ముప్ఫై వేల డాలర్లు దాటింది. టీవీ పోను మిగిలినదంతా పరిశోధనకే. అమినోప్టెరిన్‌కి తమ్ముడి వరస మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ పిల్లల రక్త క్యాన్సర్‌లో వాడుతున్నారు. మంచి వైద్యం అందే చోట ఆ పిల్లల్లో పదికి తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. ఈ మొత్తంలో జనం వేసిన చిల్లర డబ్బుల పాలెంతో నువ్వే ఆలోచించు. ఇంజినీరువి కదా.

ఇక రాత్రే ఎందుకంటావు. క్యాన్సర్ నిద్రపోదు కాబట్టి మనమూ నిద్రపోం అని నిర్వాహకులు ఒక నినాదం చెప్తారు. బానే ఉంది. నాకు మాత్రం కారణం వేరే దొరికింది. ఆసుపత్రిలో మా అక్క రాత్రి ప్రతి గంటకీ కళ్లు తెరిచి ఒకే మాట అడిగేది, "టైమెంతయిందే?" అని. రెండూ పదయింది అంటే, "ఇంకా రెండేనా" అనేది. పగలు చుట్టాలొస్తారు, డాక్టర్లొస్తారు, జబ్బు కాస్త పక్కకి జరుగుతుంది. రాత్రే జరగదు. నా రెండో నడకలో రెండున్నరప్పుడు పక్కన నడుస్తున్నామె ఏదో యథాలాపంగా "టైమెంతయిందండీ?" అంది. నా కాళ్లు ఆగిపోయాయి. చెప్పలేకపోయాను, వాచీ ఆమె వైపు తిప్పాను. పగటిపూట నడకలో నన్నెవరూ అలా ఆపలేదు.

ఫొటోలంటావా, రాత్రి 3 గంటలకి మా మొహాలు ఒకసారి వచ్చి చూడు. ఆ మొహంతో ఎవడూ ఫొటో దిగడు.

*

నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్, కీమో అయ్యాయి. ఆఖరి కీమో అయి నాలుగు నెలలు. క్యాన్సర్ దాటినవాళ్లు మొదటి రౌండు నడవాలని ఆహ్వానం వచ్చింది. వెళ్లాలని ఉంది. మావారు ససేమిరా అంటున్నారు. నా అరికాళ్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. ఏం చేయను?
- పేరు వద్దన్న పాఠకురాలు

అమ్మా, ముందు మీ డాక్టరు గారిని అడగండి, ఆ తర్వాతే మీవారిని ఒప్పించండి. ఈ వరస తిరగబడితే ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు. మా అక్కతో ఆసుపత్రుల చుట్టూ తిరిగిన అనుభవంతో, డాక్టరు దగ్గర ఏమేం అడగాలో మాత్రం చెప్తాను.

ఒకటి, రక్తకణాలు. కీమో ఇచ్చాక ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు గుంపుల్లోకి వెళ్లకూడదు. మీకు నాలుగు నెలలైంది కాబట్టి ఆ గండం గడిచే ఉంటుంది, అయినా ఒకసారి పరీక్ష చేయించమని అడగండి. ఇంకా కీమో నడుస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, అంటే ఫారన్‌హీట్ లెక్కలో 100.4, చూపిస్తే నడక మాట పక్కనపెట్టి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారనివ్వొద్దు.

రెండు, అరికాళ్లు. పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్, ఆక్సాలిప్లాటిన్ లాంటి మందులు నరాల కొసల్ని దెబ్బతీస్తాయి. మొద్దుబారిన పాదంతో ఇబ్బంది ఏమిటంటే, పైన నేను చెప్పిన సుర్రుమనడం మీకు తెలియదు. బొబ్బ పుట్టి, పగిలి, చీము పట్టేదాకా తెలియకపోవచ్చు. కాబట్టి మీరు నొప్పిని నమ్ముకోవద్దు, కంటిని నమ్ముకోండి. కూర్చున్న ప్రతిసారీ సాక్సు విప్పి అరికాలు చూసుకోండి. వంగలేకపోతే మీవారి చేత చూపించండి. ఆయనకీ ఒక పని దొరుకుతుంది. చదునుగా, వెలుతురున్న చోటే నడవండి.

మూడు, చెయ్యి. చంకలో గ్రంథులు తీసి ఉంటే ఆ చెయ్యి చాలాసేపు కిందికి వేలాడితే ఉబ్బొచ్చు. కొంతసేపు నడుం మీద పెట్టుకోండి, పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండండి. ఆ భుజానికి సంచి తగిలించకండి.

ఇక మీవారి సంగతి. మీరు అలిసిపోతారని ఆయన భయం. నిజమే, కీమో నీరసం విశ్రాంతితో పోయే నీరసం కాదు. కానీ 2018లో పలు దేశాల నిపుణులు కూర్చుని తేల్చిందేమిటంటే, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఓ మోస్తరు వేగంతో నడవడంలాంటి వ్యాయామం ఆ నీరసాన్నే తగ్గిస్తుందని. దిగులునీ తగ్గిస్తుందట. ఇది ఆయనకి చదివి వినిపించండి. అయితే వ్యాయామం మంచిదన్నారని రాత్రంతా మేలుకోమని కాదు సుమా. మీరు చేయాల్సింది ఒక్క రౌండు. సాధారణ ట్రాక్ అయితే 400 మీటర్లు. అది మీ వేగంతో నడిచి, రెండో రౌండులో మీవారిని పక్కన నడిపించుకుని, ఇంటికి వెళ్లి పడుకోండి. రెండో రౌండు అలా తోడున్నవాళ్ల కోసమే పెడతారు చాలాచోట్ల. మీవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఆయన్నీ పిలిచారని చెప్పండి, వస్తారు.

నేను మొదటి నడకలో నాలుగుసార్లు దాటిన పెద్దావిడకి అది ఏడో నడకట. తర్వాత అడిగితే చెప్పింది.

*

నడక ఫర్వాలేదు గానీ డబ్బులడగడం చచ్చేంత సిగ్గుగా ఉంది. బిచ్చమెత్తినట్టుంటుంది. చిట్కా ఏమైనా ఉందా?
- ఓ బ్యాంకు ఉద్యోగి

బ్యాంకులో ఉండి డబ్బడగడానికి సిగ్గా! అప్పు వసూలుకి ఫోన్ చేసేటప్పుడు ఈ సిగ్గు ఎక్కడ పెడతారు?

సరే. వందమందికి ఒకే మెసేజ్ పంపకండి. అది ఎవరిదీ కాదు, అందుకే ఎవరూ ఇవ్వరు. పదిమందికి ఫోన్ చేయండి. "మా బాబాయి పేరు మీద నడుస్తున్నా" అని మొదలుపెడితే అవతలి మనిషి "మా అత్తగారికీ ఇదే జబ్బు" అంటారు. ఇక అడగడం మీ పని కాదు, వాళ్లే అడుగుతారు ఎక్కడ కట్టాలని. ముందు మీ డబ్బు వేయండి, అదెంతో చెప్పండి. ఇవ్వనివాళ్లని రెండోసారి అడగకండి. వాళ్ల ఇంట్లో ఏం నడుస్తోందో మనకి తెలియదు. వైద్యం ఖర్చులతో సతమతమవుతున్న ఇళ్లకి చందా పుస్తకం పట్టుకుని పోకండి. ఇది చెప్పాల్సిన మాటేనా అనుకుంటారు, కానీ ఒకాయన మా అక్క వార్డుకే వచ్చాడు.

డబ్బు మీ సొంత ఖాతాలో వేయించుకోకండి. సంస్థ ఖాతాకే నేరుగా వెళ్లాలి, రసీదు ఇచ్చినవాళ్ల పేరునే రావాలి. పేరిచ్చే ముందు నిర్వాహకులని రెండు అడగండి. పోయినేడు ఎంత వసూలైంది? అందులో నడక ఏర్పాట్లకి ఎంత పోయింది, రోగులకో పరిశోధనకో ఎంత చేరింది? ఆడిట్ చేయించిన లెక్క చూపించేవాళ్లు మంచివాళ్లు. "అబ్బే, అవన్నీ ఎందుకండీ, మంచి పని కదా" అనేవాళ్ల దగ్గర నేను ఒకసారి పేరు వెనక్కి తీసుకున్నాను.

*

కొన్ని చిన్న ప్రశ్నలు గబగబా.

ఎనిమిదేళ్ల బాబుని తీసుకెళ్లొచ్చా? నిర్వాహకులు ఒప్పుకుంటే సాయంత్రం తీసుకెళ్లి, చనిపోయినవాళ్ల పేర్లతో పెట్టే దీపాలు చూపించి పంపేయండి. అర్ధరాత్రి తర్వాత పిల్లాడు నడవడు, మీరు మోస్తారు.

చెవిలో పాటలు పెట్టుకోవచ్చా? ఒక చెవిలో. రెండో చెవి వెనక వచ్చేవాళ్లకి.

వాన పడితే? పిడుగులుంటే ఆపేస్తారు, మామూలు వానకి ఆపరు. పాతవార్తాపత్రికలు తెచ్చుకోండి, తడిసిన షూస్‌లో కుక్కితే తడి లాగేస్తాయి.

పొద్దున ఎలా వెళ్లాలి? ఇది చిన్న ప్రశ్న కాదు. నడక మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదమైన భాగం నడక అయ్యాకే వస్తుంది. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం కాస్త మద్యం తాగినవాడిలా ఉంటుందనీ, 24 గంటలైతే చాలా దేశాల్లో బండి నడపనివ్వని మోతాదు తాగినట్టేననీ పరీక్షలు పెట్టి చూశారు. మూడో ఏడు నేను నేనే కారు నడుపుకుంటూ బయలుదేరాను. సిగ్నల్ దగ్గర ఆగాను. వెనకవాళ్ల హారన్‌కి కళ్లు తెరిచాను. ఎర్ర దీపం ఎన్నిసార్లు పచ్చగా మారిందో నాకు తెలియదు. అప్పటినుంచి, రాత్రి ఇంట్లో హాయిగా పడుకున్న మనిషి పొద్దున వచ్చి నన్ను తీసుకెళ్లాలి. ఆ మనిషి ఖాయమయ్యాకే పేరిస్తాను.

*

టీచర్ గారూ, నేను ఇంటర్ చదువుతున్నాను. పోయినేడు మా నాన్న క్యాన్సర్‌తో చనిపోయారు. కాలేజీ టీముతో రాత్రి నడకకి వెళ్తున్నాను. అక్కడ చనిపోయినవాళ్ల పేర్లతో దీపాలు పెడతారట. అమ్మని రమ్మంటే రానంది, ఆ మాటే ఎత్తొద్దంది. అమ్మకి ఇష్టం లేకుండా నాన్న పేరుతో దీపం పెట్టొచ్చా? అక్కడ ఏడుపొస్తే ఎలా? ఆ దీపం సంచి తర్వాత మనకిస్తారా?
- మీ చిన్న పాఠకురాలు

తల్లీ, మూడు ప్రశ్నలడిగావు. మొదటిదానికి, పెట్టొచ్చు. నాన్న నీకూ నాన్నే. కానీ అమ్మకి తెలియకుండా మాత్రం పెట్టకు. "నేను నాన్న పేరుతో ఒకటి పెడుతున్నానమ్మా, నువ్వు రానక్కర్లేదు" అని చెప్పు, అంతటితో వదిలెయ్. బతిమాలకు. అమ్మ ఎన్ని రాత్రులు ఆ మంచం పక్కన మేలుకుందో నాకు తెలియదు గానీ, ఆవిడ తన నడక నడిచే ఉంటుంది. నేను కూడా అక్క పోయిన మొదటి ఏడు ఎవరు పిలిచినా వెళ్లలేదు. పిలిచినవాళ్ల మీద కోపమొచ్చేది.

అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను, తెలిస్తే భయం తగ్గుతుంది. చీకటి పడ్డాక ట్రాక్ చుట్టూ కాగితం సంచులు వరసగా పెడతారు. గాలికి ఎగరకుండా అడుగున గుప్పెడు ఇసుక, అందులో చిన్న కొవ్వొత్తి. ఇప్పుడు చాలాచోట్ల బ్యాటరీ దీపాలొచ్చాయి. ప్రతి సంచి మీదా ఒక పేరు. మైకు ఆపేస్తారు, పెద్ద లైట్లు తీసేస్తారు, ఆ కాస్త వెలుగులో అందరూ ఒక రౌండు మాట్లాడకుండా నడుస్తారు. నడుస్తూ పేర్లు చదువుకుంటాం. ఆ నిశ్శబ్దంలో చెప్పుల చప్పుడు, ముక్కు చీదే చప్పుడు, అంతే. ఏడుపొస్తే ఏడువు, అక్కడ నిన్ను ఎవరూ వింతగా చూడరు. రాకపోయినా ఫర్వాలేదు. నాకు ఆ రౌండులో రాలేదు. మూడు గంటల తర్వాత, షూ లేసు ముడి పడకపోతే వచ్చింది. టీములో ఒకరికి మాత్రం ముందే చెప్పి పెట్టుకో, "నాకు ఏమైనా అయితే నువ్వు పక్కన నడువు, ఏమీ మాట్లాడకు" అని. మాట్లాడకుండా నడవగలిగే స్నేహితురాలు ఎవరో నీకు తెలిసే ఉంటుంది.

సంచి మీద ఏం రాయాలో ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్లు. నేను ఆలోచించుకోలేదు. స్కెచ్ పెన్ను చేతికిచ్చారు, వెనక లైనుంది. నాకు మా అక్క పేరు రాలేదు. నలభై ఏళ్లుగా నేను ఆమెని పేరుతో పిలిచిందెప్పుడు? "అక్క" అని రాసిచ్చాను. వాలంటీరు పిల్లాడు పాపం, "పూర్తి పేరు రాయాలండీ" అన్నాడు. అదే పూర్తి పేరు బాబూ అన్నాను. నువ్వూ "నాన్న" అని రాసుకోవచ్చు. పేరే రాయాలని రూలేం లేదు. బొమ్మ వేయొచ్చు, ఆయన నిన్ను పిలిచే ముద్దుపేరు రాయొచ్చు. అమ్మ ఏమైనా రాయమంటుందేమో, బయలుదేరే ముందు ఒక్కసారి అడుగు. ఒక్కసారే.

సంచి అడిగితే ఇస్తారు, చాలాచోట్ల. పొద్దున సామాన్లు సర్దేవాళ్లు వచ్చేలోపే వెళ్లి తెచ్చుకో, లేకపోతే అన్నీ పోగేసి చెత్తలో వేస్తారు. నావి ఆరూ బీరువాలో ఉన్నాయి, ఐదింటి మీద "అక్క" అనే ఉంది. నాలుగో ఏడుది ఒక్కటే పూర్తి పేరుతో ఉంటుంది. దాని మీద రాసింది మా బావ. ఆయన వచ్చింది ఆ ఒక్క ఏడే. నువ్వు మాత్రం ఇంట్లోకి తెచ్చే ముందు ఇసుక బయటే దులిపెయ్. నేను దులపలేదు. ఇప్పటికీ బీరువాలోంచి ఏ బట్ట తీసినా చేతికి ఇసుక తగులుతుంది.